దారి చూపే తోడు – దారి ఇవ్వవలసిన ఊరు

ఉగాది సంచిక అనగానే మన పెద్దలు ఈ మహానగరమును కట్టిన కథ చెప్పుకొనుట మనకు వాడుక. అది చెప్పుకొనదగిన కథయే. నిజాము రాజ్యము నుండి తట్ట, పార, తాపీ పట్టుకొని వచ్చిన కామాఠీలు ఇక్కడి నేలను చదును చేసినారు, రోడ్లు వేసినారు, గోడలు లేపినారు. వారి పేరనే కామాఠిపుర వెలసినది. లోకులు ఆ పేరు వినగానే మరొక సంగతి తలచుకొందురు గాని, ఆ పేరు కూలివాని చెమటతో వచ్చిన పేరు అని మనకు తెలియును.

అయితే ఆ కథలో ఒక పుట మనము చదువకుండ తిప్పివేయుచున్నాము. మనవారు కట్టిన మెట్లు ఎవరు ఎక్కగలిగినారు, ఎవరు ఎక్కలేక క్రిందనే నిలిచిపోయినారు అన్నది ఆ పుట. చూపు లేనివాడు, కాలు పోయినవాడు, చెవి వినరానివాడు తన తోడుతో ఈ నగరపు వీధిలో నడచుటకు, రైలెక్కుటకు, హోటలులో కూర్చుండి చాయ త్రాగుటకు హక్కు ఎట్లు వచ్చినది, ఎంతవరకు వచ్చినది, ఇంకను ఏమి రావలసియున్నది అన్నదే ఈ వ్యాసము. ఆ తోడు మనుమని చేయి కావచ్చు, చేతికర్ర కావచ్చు, శిక్షణ పొందిన కుక్క కావచ్చు. కుక్క మాట విని చదువరులు నవ్వకుందురుగాక. ఈ హక్కుల చరిత్రలో ఆ మూగజీవికి పెద్ద పాత్రయే కలదు.

ఫోరస్ రోడ్డు పుట్టుక

నేడు మ్యునిసిపాలిటీ పలకపై ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్ అని వ్రాసియున్నను, మన నోట ఇప్పటికిని ఫోరస్ రోడ్డే. ఈ 'ఫోరస్' అను మాట పోర్చుగీసువారి నాటిది. సముద్రపు పోటుకు మునిగి చవిటిపర్రగా పడియున్న నేలను బాగుచేసుకొనువారికి కౌలుకు ఇచ్చెడి ఏర్పాటుకు ఆ పేరుండెను. 18వ శతాబ్ది చివర వర్లీ దగ్గరి సముద్రపు గండి పూడ్చిన పిమ్మట ఈ పల్లపు నేల క్రమముగా తేలినది. మన కామాఠీలు ఇటు వచ్చి నిలిచినది ఆ కాలముననే. ఆ నేలల హక్కులు తేల్చుటకు 1851లో ఫోరస్ చట్టము చేసినారు.

ఇందులో గమనింపదగిన న్యాయ మొకటి యున్నది. నేలను పనికివచ్చునట్లు చేసినవానికి ఆ నేలపై కొంత హక్కు కలదని ఆనాటి ఏర్పాటులోనే ఒప్పుకొన్నారు. మరి ఆ నేలపై రోడ్డు వేసి, మిద్దె కట్టి, ఆ పనిలోనే కాలో కన్నో పోగొట్టుకొన్నవానికి ఆ రోడ్డుపై నడచెడి హక్కు ఉండవలదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఈ దేశమునకు ఇంకొక నూట ఏబది యేండ్లకు దగ్గరగా పట్టినది.

చాళి మెట్లు

మన చాళ్ల సంగతి మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్కటే గది, ముందు పొడుగాటి వరండా, వరండా చివర అందరికి కలిసి సండాసు, నిటారుగా లేచు ఇరుకైన కొయ్య మెట్లు. కూలికి వచ్చిన మనిషి తలదాచుకొనుటకు కట్టినవే గాని, ఆ మనిషి ముసలివాడగునని, గాయపడునని తలచి కట్టినవి కావు. మూడవ అంతస్తు గదిలోని తాత కాలు విరిగినచో, ఆ తాతకు లోకమంతయు ఆ వరండాయే. చూపు తగ్గిన అవ్వకు సండాసు వరకు పోవుటయే యాత్ర.

మన వారు చేసిన పనులు ఎట్టివి? పరంజాలపై నిలిచి గోడలు కట్టుట, రాయి కొట్టుట, మిల్లులలో సాంచెల నడుమ నిలుచుట. రాతి పెచ్చు కంటబడుట, మిషనులో చేయి పడుట ఈ పనులకు తోబుట్టువులు. 1923లో పనివారి నష్టపరిహారపు చట్టము వచ్చినది. 1924 జూలై 1 నుండి అమలైనది. పనిలో చూపు పోయిన ఎంత, చేయి పోయిన ఎంత, కాలు పోయిన ఎంత అని అందులో పట్టిక వేసినారు. అది మంచి చట్టమే; దానికై కార్మికులు పోరాడినారు. కాని ఆలోచించి చూడుడు: పోయిన కంటికి వెల కట్టుట 1923లోనే వచ్చినది. కన్ను పోయినవాడు మరునాడు ఇల్లు వెడలి వీధిలో ఎట్లు నడచును అను మాట ఆ పట్టికలో లేదు. పరిహారము చేతికిచ్చి అతనిని గదిలో కూర్చుండబెట్టినారు.

బరువు లాగిన జంతువులు, బడికి పోయిన అంధులు

ఈ వీధులకు జంతువులు కొత్త కావు. ఇటుకలు, సున్నము, ఇసుక మోసినవి ఎద్దుల బండ్లు. 1874 మే 9న బొంబాయిలో మొదటి ట్రాము నడచినది. దానిని లాగినవి గుర్రములు. 1907లో విద్యుత్తు ట్రాములు వచ్చువరకు వాటి సేవ సాగినది. విక్టోరియా బండ్లు అంతకంటె ఎక్కువ కాలము నిలిచినవి. పని జంతువు గాయపడిన చూడవలెనని పరేలులో 1883లోనే బాయి సాకర్‌బాయి దిన్షా పెటిట్ పేర పశువుల ఆసుపత్రి నెలకొల్పినారు. బరువు లాగు జంతువునకు ఈ నగరము దారి ఇచ్చినది, గడ్డి ఇచ్చినది, మందు ఇచ్చినది.

అంధులకు మొదట దొరికినది బడి. 1900లో అమెరికన్ మిషనుకు చెందిన మిస్ మిల్లర్డ్ బొంబాయిలో అంధుల పాఠశాల నెలకొల్పినది. అది తరువాత దాదరు అంధుల బడిగా పేరుపొందినది. 1902లో, మన ఫోరస్ రోడ్డుకు కూతవేటు దూరములోని తాడ్‌దేవ్‌లో విక్టోరియా స్మారక అంధ పాఠశాల వెలసినది. అంధుడైన డాక్టరు నీలకంఠరాయ్ ఛత్రపతి దాని కొరకు పాటుపడినారు. 1952లో అంధుల జాతీయ సంఘము ఈ నగరములోనే పుట్టినది. దానికి ఒక యేడాది ముందు, 1951లో, భారతీయ భాషలన్నిటికి ఒకే తీరు బ్రెయిలు లిపి నిర్ణయమైనది. అందుచేత తెలుగు అంధుడును తన భాషను వ్రేళ్లతో చదువగలిగినాడు.

ఇవన్నియు మేలైన పనులు. అయితే బడి గోడల లోపల చదువు వచ్చినది గాని, బడికి బయటనున్న వీధి మారలేదు. చదువుకొన్న అంధుడు ఉద్యోగమునకు పోవలెనన్న మరల ఎవరో ఒకరి చేయి పట్టుకొనవలసినదే. ఆ చేయి ఎక్కువగ ఇంటి చిన్నపిల్లదో పిల్లవానిదో అగును. తాతకు దారి చూపు మనుమడు బడి మానుకొనును. ఒకరి లోటు ఇద్దరి బ్రతుకులను కట్టివేయును.

కుక్క కన్నైన కథ

ఈ చిక్కునకు పరిష్కార మొకటి యుద్ధభూమి నుండి వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధములో జర్మనీ సిపాయిలు వేలమంది చూపు కోల్పోయినారు. గెర్‌హార్డ్ స్టాలింగ్ అను వైద్యుడు కుక్కలకు శిక్షణ ఇచ్చి వారికి దారి చూపించవచ్చునని తలచి, 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణములో బడి తెరచినాడు. 1923లో పోట్స్‌డామ్‌లో మరియొకటి ఏర్పడినది. స్విట్జర్లాండులో కుక్కలను పెంచుచున్న డోరతీ యూస్టిస్ అను అమెరికా వనిత ఆ పోట్స్‌డామ్ బడిని చూచి, 1927 నవంబరులో ఒక అమెరికా పత్రికకు వ్యాసము వ్రాసినది. టెనెసీ రాష్ట్రములోని నాష్‌విల్ పట్టణపు మోరిస్ ఫ్రాంక్ అను అంధ యువకుడు దానిని తండ్రి చదివి వినిపింపగా విని, తనకొక కుక్క కావలెనని ఆమెకు ఉత్తరము వ్రాసినాడు. 1928లో ఆమె యొద్దకు పోయి 'బడ్డీ' అను కుక్కతో శిక్షణ పొంది తిరిగివచ్చి, బండ్లు దూసుకొనిపోవు న్యూయార్కు వీధిని పత్రికలవారి యెదుట దాటి చూపినాడు. 1929 జనవరి 29న 'సీయింగ్ ఐ' అను సంస్థ పుట్టినది. 1931లో ఇంగ్లండులో నాలుగు కుక్కలతో ఇట్టి పనియే మొదలైనది.

ఈ కుక్క ఏమి చేయును? పోవలసిన చోటు కుక్కకు తెలియదు; అది మనిషికి తెలియును. కుడికి, ఎడమకు, ముందుకు అని చెప్పువాడు మనిషి. గుంట, మెట్టు, స్తంభము, ఎదురు వచ్చు బండి చూచి ఆగునది కుక్క. ముందుకు పొమ్మని యజమాని చెప్పినను, ఎదుట ప్రమాదమున్న కదలకుండుట దానికి నేర్పెడి విద్యలలో గొప్పది. దాని వీపుపై బిగించిన పట్టాకు ఒక పిడి యుండును. ఆ పిడి ద్వారా దాని నడక మనిషి చేతికి తెలియును. ఒకరికి చూపు, ఒకరికి ఆలోచన. మన శాస్త్రములలోని అంధపంగు న్యాయము ఇదియే: గ్రుడ్డివాని భుజముపై కుంటివాడెక్కి దారి చెప్పగా ఇద్దరును ఊరు చేరినట్లు.

కాని మోరిస్ ఫ్రాంక్‌కు అసలు కష్టము వీధి దాటుట కాదు, తలుపు దాటుట. కుక్కను చూచి హోటలువారు పొమ్మనిరి, రైలువారు సామానుపెట్టెలో కట్టివేయుమనిరి. కంటిని సామానుపెట్టెలో పెట్టి మనిషి ప్రయాణము చేయునా? అందుచే అతడును అతని తోడివారును ఊరూర తిరిగి వాదించినారు. 1935 నాటికి అమెరికా రైలు కంపెనీలన్నియు కుక్కను యజమాని ప్రక్కన ఉండనిచ్చుటకు ఒప్పుకొన్నవి. 1956 నాటికి అక్కడి ప్రతి రాష్ట్రములోను దానికి చట్టము వచ్చినది. 1990లో వచ్చిన వికలాంగుల చట్టము ఆ హక్కును దేశమంతటికి ఒకటి చేసినది. చెవి వినరానివారికి గంట మ్రోగినదని తెలుపు కుక్కలు, చక్రాల కుర్చీలోనివారికి పడిన వస్తువు తీసియిచ్చు కుక్కలు కూడ దాని నీడకు వచ్చినవి.

అక్కడ దుకాణదారు అడుగదగినవి రెండే ప్రశ్నలు: ఈ జంతువు వైకల్యము వలన అవసరమైనదా, అది ఏ పని నేర్చినది అని. సర్టిఫికేటు చూపుమనరాదు, జబ్బు వివరము అడుగరాదు. అట్లని కుక్కకు పగ్గము లేదని కాదు. అది అదుపు తప్పి యజమాని మరల్చలేకపోయిన బయటికి తీసికొనిపొమ్మనవచ్చును. ముద్దుకు పెంచు కుక్కకు ఈ హక్కు లేదు. హక్కు కుక్కది కాదు, మనిషిది. కుక్క అతని చూపు.

మన దేశములో

మన దేశములో దారి చూపు కుక్కతో నడచువారు బహు అరుదు. కారణములు మనకు తెలిసినవే. శిక్షణ ఇచ్చు చోట్లు కరవు, ఒక్క కుక్కను తయారుచేయుటకు నెలల తరబడి పట్టును, ఖర్చును పెద్దది, ఫుట్‌పాత్‌పై బేరగాండ్రు, బండ్లు, త్రవ్విన గుంటలు, వీధికుక్కల గుంపులు, పది అడుగుల గదిలో మనుషులకే చోటు చాలదు. వీటి పైన, కుక్క అనిన అశుచి అను భావము.

అయితే మన సంప్రదాయము కుక్కను పూర్తిగ వాకిటి బయటనే ఉంచినదా? కొమురవెల్లి మల్లన్న ప్రక్కన కుక్క కలదు. ఈ మహారాష్ట్రములో ఆ దేవుడే ఖండోబాగా జెజూరిలో పూజలందుకొనుచున్నాడు. అక్కడను కుక్క కలదు. మహాప్రస్థానములో తమ్ములును ద్రౌపదియు పడిపోగా ధర్మరాజు వెంట చివరిదాక నడచినది కుక్కయే. స్వర్గములో కుక్కకు చోటు లేదని ఇంద్రుడు చెప్పగా, నమ్మి వెంట వచ్చినదానిని విడచి నాకు స్వర్గము వలదని ఆయన నిలిచినాడు. ఆ కథ విని చేతులు జోడించు మనము, చూపు లేని మనిషి కుక్కతో మన హోటలు గడప యెదుట నిలిచిన ఏమందుము? ఇంద్రుడన్న మాటయే అందుమా?

చట్టము మెట్లెక్కిన తీరు

వికలాంగుల విషయములో మన చట్టము మొదట చూపినది దండము. 1959లో వచ్చిన బొంబాయి భిక్షాటన నివారణ చట్టము ఒక వింత పోలిక చేసినది. బిచ్చము కొరకు పుండును, గాయమును, అంగవైకల్యమును బయట చూపుట నేరమన్నది. ఆ పుండు మనిషిదైనను సరే, జంతువుదైనను సరే అన్నది. మొదటిసారి పట్టుబడినవానిని మూడేండ్ల వరకు, మరల పట్టుబడినచో పదేండ్ల వరకు నిర్బంధింప వీలున్నది. వికలాంగుడును అతని జంతువును మన చట్టములో కలిసి కనబడినది నేరపు పంక్తిలోనే! ఆ చట్టము ఢిల్లీకి కూడ వర్తింపజేయబడియుండగా, 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు అక్కడ దాని శిక్షా విభాగములను కొట్టివేసినది.

హక్కు అను మాట వచ్చినది 1995 వికలాంగుల చట్టముతో. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను అంగీకరించినది. భారతదేశము 2007 అక్టోబరు 1న దానిని ధ్రువీకరించినది. ప్రజలకు తెరచియున్న భవనములలో దారి చూపువారు, చదివి వినిపించువారు మొదలైన సజీవ సహాయము ఉండవలెనని అందలి 9వ అధికరణము చెప్పుచున్నది. ఆ వెలుగులో వచ్చినదే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. పాత చట్టములోని ఏడు రకముల వైకల్యములు ఇందులో ఇరువదియొకటి అయినవి. 2011 జనాభా లెక్కలలో దేశమునందు వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చూపు లోపించినవారు 50 లక్షలకు పైగా.

ఈ 2016 చట్టములో సేవాజంతువు అను మాట విడిగా లేదు. అయినను తలుపు మూసియుండలేదు. వికలాంగుడు ఇతరులతో సమానముగ హక్కులు అనుభవించుటకు తగిన సర్దుబాటు చేయవలెనని అందున్నది. చూపు లేనివానికి కుక్కయే కన్నైనచో, దానిని లోనికి రానిచ్చుట ఆ సర్దుబాటు గాక మరేమి? అయితే ఒక్కొక్క గడప యెదుట ఒక్కొక్క మనిషి వాదించి గెలువవలసిన హక్కు సగము హక్కే. మోరిస్ ఫ్రాంక్ నాటి అనుభవము చెప్పునది ఇదియే: స్పష్టముగ వ్రాసిన నియమము వచ్చువరకు బంట్రోతు ఇష్టమే చట్టము.

వ్రాసిన నియమము విలువ మన సుప్రీంకోర్టు కూడ చెప్పినది. రాజీవ్ రతూరి అను అంధుడు బహిరంగ స్థలములు, రోడ్లు, వాహనములు అందరికి అనువుగ ఉండవలెనని 2005లో వేసిన వ్యాజ్యములో 2017 డిసెంబరు 15న ఒక తీర్పు వచ్చినది. అది ఎంతవరకు అమలైనదో చూచి చెప్పుమని కోర్టు కోరినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమును. ఆ నివేదికను పరిశీలించిన పిదప 2024 నవంబరు 8న కోర్టు చెప్పిన సారాంశ మిది: అందుబాటు నియమములు సలహాలుగ ఉండరాదు, తప్పనిసరి కావలెను. సలహాలుగ మాత్రమే ఉన్న 15వ నియమము మూలచట్టమునకు విరుద్ధమని కొట్టివేసి, కేంద్ర ప్రభుత్వము మూడు నెలలలో తప్పనిసరి నియమములు చేయవలెనని ఆదేశించినది. తెలుగు నేలపై తయారైన నివేదిక దేశమంతటి వికలాంగులకు దారి చూపుట మనకు గర్వకారణము.

ఇప్పుడు మన ముందున్న పని

ఈ చరిత్ర మనకు కేవలము చదివి మడిచిపెట్టుకొనుటకు కాదు. కామాఠిపుర పాత చాళ్లను తీసివేసి క్రొత్తగ కట్టు ప్రణాళికను రాష్ట్ర ప్రభుత్వము మ్హాడా ద్వారా చేపట్టియున్నది. మన తాతలు కట్టిన ఇరుకు మెట్లు పోయి క్రొత్త మేడలు లేచునపుడు, ఎన్ని అడుగుల గది వచ్చునని మనము అడుగుచున్నాము, అడుగవలసినదే. దానితోపాటు ఇంకొన్ని అడుగవలెను. లిఫ్టు వరకు చేరుటకు మెట్లున్నవా, చక్రాల కుర్చీ పోవు ఏటవాలు దారి యున్నదా? లిఫ్టు తలుపు వెడల్పు ఎంత? అంతస్తు సంఖ్య వ్రేలికి తగులునట్లు బ్రెయిలులో యున్నదా, చెవికి వినబడునా? సండాసు తలుపులో కుర్చీ పట్టునా? ఫుట్‌పాత్‌పై చేతికర్రకు తెలియు గీతల పలకలు వేయుదురా? అందుబాటు నియమములకు లోబడని ప్లానునకు అనుమతి ఇవ్వరాదని, అట్లు కట్టని భవనమునకు పూర్తి అయినదను పత్రము ఇవ్వరాదని 2016 చట్టములోని 44వ విభాగము స్పష్టముగ చెప్పుచున్నది. ఇది బ్రతిమాలి అడుగు దయ కాదు, చట్టము చూపి అడుగు హక్కు. ప్లానులు కాగితముపై ఉన్నప్పుడే అడుగవలెను. సిమెంటు గట్టిపడిన తరువాత అడిగిన ప్రయోజనము తక్కువ.

ప్రభుత్వము చేయు పనులు ప్రభుత్వము చేయును. మన సంఘములు తమ చేతిలోనివి చేయవచ్చును. ఉగాది పందిరికి, బతుకమ్మ మైదానమునకు, పెండ్లి హాలుకు ఒక చెక్క ర్యాంపు వేయుటకు ఎంత ఖర్చగును? మన తెలుగువారి హోటళ్లలో, దుకాణములలో, చూపు లేనివాడు కర్రతో వచ్చినను, పిల్లవానితో వచ్చినను, కుక్కతో వచ్చినను, తోడుతో సహా లోనికి రమ్మను మాట గోడపై వ్రాసిపెట్టుటకు ఒక పలక చాలును. పనికి పోవు కుక్కను తాకరాదని, దానికి తిండి వేయరాదని పిల్లలకు నేర్పుట ఇంకను సులభము. సంఘపు సభ్యుల పట్టికలో ఇల్లు వెడలలేనివారెవరో గుర్తించి, వారిని అడిగి, వారి మాట ప్రకారము పై కోరికలను మ్హాడాకు వ్రాసి పంపుట అన్నిటికంటె ముఖ్యము.

చవిటిపర్రను నేలగా మార్చినవారి మనుమలము మనము. అసాధ్యమను మాట ఆ పెద్దలు అనియుండినచో ఫోరస్ రోడ్డే లేదు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులును ఒకే గిన్నెలో చోటు చేసుకొన్నట్లు, క్రొత్తగ లేచు మన పేటలో నడచువానికిని, దొర్లుకొనిపోవు కుర్చీకిని, కర్రకును, కుక్కకును ఒకే వాకిలి ఉండుగాక. ఆ వాకిలి కొలతలు ఈ యేడాదే అడిగి వ్రాయించుకొందము. చదువరులందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.